ఫర్ ఎలీజ్ మొదటి భాగం దాటడం లేదు – 61 కీల కీబోర్డు, గురువు లేరు, విజయనగరం

గంటస్తంభం_గిరి
రెండేళ్ల కిందట మా పాప కోసం 61 కీల కాసియో కొన్నాను. పాప మూడు నెలలు వాయించి మానేసింది. బీరువా పక్కన దుమ్ము పడుతుంటే చూడలేక నేను కూర్చున్నాను. ఇప్పటికి పద్నాలుగు నెలలు. నాకు 36 ఏళ్లు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా షాపులోనే ఉంటాను. గురువు ఎవరూ లేరు, యూట్యూబే గురువు.

సమస్య బీథోవెన్ 'ఫర్ ఎలీజ్'. అందరికీ తెలిసిన మొదటి భాగం వచ్చేసింది. ఇంటికి చుట్టాలొస్తే అదే వాయిస్తాను, "అబ్బో" అంటారు. ఆ తర్వాత ఎఫ్ మేజర్‌లోకి (ఎఫ్ ఆధారంగా ఉండే స్వరాల వరసలోకి) తిరిగే చోటు ఉంది చూడండి, 23వ బార్ (నొటేషన్‌లో రెండు గీతల మధ్య గడి), అక్కడ చెయ్యి ఆగిపోతోంది. అయిదు నెలలుగా ఇదే వరస. రోజూ రాత్రి మొదటి నుంచి మొదలుపెడతాను, అక్కడిదాకా వస్తాను, తడబడతాను, మళ్లీ మొదటికి వెళ్తాను. మా ఆవిడ "ఎన్నాళ్లండీ ఆ గేటు దగ్గరే నిలబడతారు, లోపలికి వెళ్లరా" అంటోంది.

ఇది అసలు నా స్థాయి పాటేనా? 61 కీలతో పూర్తిగా వస్తుందా? లేక వదిలేసి వేరేది పట్టుకోవాలా? సూటిగా చెప్పండి, బాధపడను.

సాలూరు_లారీ
మా వీధిలో ఒక కారు వెనక్కి తీస్తే ఈ పాటే వస్తుంది. ఆ కారు కూడా మొదటి ముక్క దాటదు. మీరు ఒంటరి కాదు.

నాగావళి_గట్టు
సూటిగా అడిగారు కాబట్టి చెప్తున్నాను, వదిలేయండి. పద్నాలుగు నెలలకి ఇది ఎక్కువ. అందరూ చేసే తప్పే ఇది, నేనూ చేశాను. మొదటి ఎనిమిది బార్లు తేలిగ్గా ఉండేసరికి పాటంతా అంతే అనుకుంటాం. ముందు జీ మేజర్ మినుయెట్ (చిన్న నాట్యపు బాణీ) నేర్చుకోండి. బాఖ్‌దని అందరూ అనుకుంటారు, నిజానికి క్రిస్టియన్ పెట్జోల్డ్ రాసినది. బాఖ్ తన భార్య అన్నా మాగ్దలేనా కోసం 1725లో మొదలుపెట్టిన నోట్‌బుక్‌లో ఉండడం వల్ల ఆయన పేరు మీద చలామణీ అయింది. రెండు చేతులకీ సమానంగా పని చెబుతుంది. అది వచ్చాక ఎలీజ్ దగ్గరికి రండి.

గంటస్తంభం_గిరి
@నాగావళి_గట్టు బాధపడనన్నాను గానీ కొంచెం పడ్డాను.

చర్చి_కార్డ్స్
వదలొద్దు. ఇష్టమైన పాట వదిలేసి ఇష్టం లేని పాట వాయిస్తే మీ పాపలా మూడు నెలల్లో మీరూ మానేస్తారు.

నేను శ్రీకాకుళంలో చర్చిలో పదకొండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. నొటేషన్ చదవడం రాదు, కార్డ్స్ (రెండు మూడు స్వరాలు ఒకేసారి నొక్కడం) మీదే బతుకు. ఈ పాట యూట్యూబ్‌లో రంగు బిళ్లలు కిందికి జారే వీడియో చూసి నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే మీలాగే, గేటు దాకా.

మూడోవేలు
మా ఊరు టెక్కలి, ఉంటున్నది విశాఖలో. పదేళ్లు పియానో నేర్చుకుని గ్రేడ్ పరీక్షలు రాశాను, ఇప్పుడు ఇంట్లో పిల్లలకి చెప్తున్నాను. గిరి గారూ, మీ పోస్టులోనే జవాబు ఉంది: "మొదటి నుంచి మొదలుపెడతాను" అన్నారు. జబ్బు అదే. పాట కష్టం కాదనను, కానీ మీకు అడ్డుపడుతున్నది పాట కాదు.

రేపటి నుంచి నెల రోజులు మొదటి భాగం ముట్టుకోకండి. చుట్టాలొచ్చినా సరే. కుర్చీలో కూర్చోగానే 23వ బార్ నుంచే మొదలు. మొదట ఎడమ చెయ్యి ఒక్కటే. అక్కడ ఎడమ చేతికి ఎఫ్, ఏ, సీ విడివిడిగా వస్తూ ఉంటాయి. మొదట వాటిని మూడింటినీ కలిపి ఒకేసారి కార్డ్‌లా నొక్కండి. తర్వాత ఏ కార్డ్‌లోకి మారుతోందో చూసి అదీ కలిపి నొక్కండి. అలా భాగమంతా కార్డ్స్‌లా వాయించాక విడదీయండి. చెయ్యి ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసిపోతుంది, ఇక వేళ్లు వెతుక్కోవు.

కుడి చేతికి అసలు పరీక్ష కొన్ని బార్ల తర్వాత ఉంది. 32వ వంతు స్వరాల (చాలా పొట్టి, వేగమైన స్వరాల) పరుగు. జీ తిరిగి తిరిగి మోగుతుంటే, బొటనవేలి వైపు స్వరాలు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటాయి. చూడగానే భయం వేస్తుంది. జీ తీసేసి ఆ మెట్లు మాత్రం వాయించండి, సరిగమ పలికినట్టే ఉంటుంది. మెట్లు వచ్చాక జీ కలపండి. మణికట్టు బిగపట్టకండి. చెంబులోంచి నీళ్లు ఒంపేటప్పుడు చెయ్యి తిరుగుతుంది కదా, అంత తిరిగితే చాలు.

మెట్రోనోమ్ (టిక్ టిక్ అని లయ కొట్టేది) పెట్టండి. మీకు సుఖంగా ఉందనిపించే వేగంలో సగానికి తగ్గించండి. సిగ్గు వేస్తుంది, వేయనివ్వండి.

గంటస్తంభం_గిరి
@మూడోవేలు "చుట్టాలొచ్చినా సరే" అన్న మాట నేరుగా తగిలింది. వచ్చే వారం మా బావగారు వస్తున్నారు.

లెక్కల_మాస్టారు
నేను రిటైరయ్యాక 61వ ఏట మొదలుపెట్టాను, 61 కీల మీదే. బొబ్బిలి మాది. చిన్న లెక్క చెప్తాను.

రోజుకి మూడుసార్లు మొదటి నుంచి వాయించారనుకుందాం. అయిదు నెలలంటే 150 రోజులు, అంటే 450 సార్లు. మొదటి భాగం 450 సార్లు సాధన అయింది. 23వ బార్ దగ్గర ఆగిపోయి వెనక్కి వెళ్లారు కాబట్టి 24, 25 బార్లకి దక్కింది సున్నా. పరీక్షలో మొదటి ప్రశ్నకే జవాబు రాసి, దాన్నే మళ్లీ మళ్లీ దిద్ది పేపరిచ్చేసే కుర్రాళ్లని నేను ముప్ఫై ఏళ్లు చూశాను.

ఇంకో లెక్క ఉంది, అది మీకు నచ్చుతుంది. ఈ పాట కట్టుబడి ఏ–బీ–ఏ–సీ–ఏ. మొదటి భాగమే మూడుసార్లు వస్తుంది. పునరుక్తులు వదిలేస్తే పాట మొత్తం వంద బార్ల పైచిలుకు. అందులో అరవై పైన మీకు ఇప్పటికే వచ్చినవే. రానిది బీ భాగం పదిహేను బార్లు, సీ భాగం పాతిక లోపు. అంటే సగం పైన దాటేసి గట్టు మీద కూర్చుని ఈత రాదంటున్నారు.

పలాస_జీడి
మాస్టారు లెక్కలు చెప్తే పియానో కూడా ఎంసెట్‌లా ఉంది.

గంటస్తంభం_గిరి
మాస్టారూ, ఈ లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను. "అరవై బార్లు వచ్చినా నాకు వినిపించేది ఎనిమిదే" అంది.

వీణ_బొబ్బిలి
అసలు చెయ్యి ఎందుకు ఆగుతోందో నాకు ఇంకో కారణం కూడా తోస్తోంది. నేను వీణ విద్యార్థిని, పియానో రాదు. కానీ ఈ పాట వీణ మీద ప్రయత్నించాను.

పియానో 'ఏ' (A) స్వరాన్ని షడ్జమం అనుకోండి. మొదలు ఇలా వస్తుంది: ప మ ప మ ప రి మ గ స. ఇందులో మొదటి రెండు మలు ప్రతిమధ్యమం (పై మ), మూడోది శుద్ధమధ్యమం (కింది మ). తర్వాత కింద గ ప స రి, ఆ తర్వాత ప ని రి గ. నిషాదం కాకలి (పై ని). మొత్తం మీద కీరవాణి స్వరాలే, ఆ ప్రతిమధ్యమం తగిలినప్పుడల్లా సింహేంద్రమధ్యమం తలుపు సందులోంచి తొంగి చూసి వెళ్తుంది. అందుకే మన చెవికి ఇంత దగ్గరగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీ 23వ బార్. అక్కడ షడ్జమమే జరిగిపోతోంది! ఏ దగ్గర్నుంచి ఎఫ్‌కి. కొద్ది బార్లలోనే అక్కణ్ణుంచి సీకి, అంటే శంకరాభరణంలోకి. మన కచేరీలో తంబురా శ్రుతి మొదలైంది మొదలు మంగళం దాకా మారదు. ఆ అలవాటున్న చెవికి, నేల కదిలినట్టు ఉంటుంది. వేళ్లు ఆగాయంటే చెవి ఆగిందేమో చూసుకోండి. నేనైతే ముందు నోటితో పాడుకున్నాను, కొత్త స ఎక్కడుందో తెలిసేదాకా.

మూడోవేలు
@వీణ_బొబ్బిలి చివరి మాట అక్షరాలా నిజం, నా దగ్గరికి వచ్చే పిల్లలకి కూడా ముందు పాడమనే చెప్తాను. కీరవాణి అనడం మీద మాత్రం నాకు పేచీ. ఇది హార్మొనిక్ మైనర్ (పడమటి సంగీతంలో ఒక స్వరాల వరస), స్వరాలు కలిశాయి అంతే. గమకం లేని కీరవాణి కీరవాణేనా? ఈ పాటలో డీ షార్ప్ రాగంలో స్వరం కాదు, ఈకి ఆనుకుని వచ్చిపోయే పక్కింటి స్వరం.

వీణ_బొబ్బిలి
స్వరాలు అన్నాను, రాగం అనలేదు అక్కా. "కీరవాణి స్వరాలే" అని రాశాను, పైన చూడండి. పక్కింటి స్వరం మాట మాత్రం చాలా బాగుంది.

కోట_జంక్షన్
ద్వారం వారి ఊళ్లో కూర్చుని బీథోవెన్ గురించి ఇంత చర్చా? మన సంగీతం నేర్చుకోవడానికి ఊళ్లో కాలేజీ ఉండగా ఈ జర్మనీ పాటలు దేనికి?

వీణ_బొబ్బిలి
@కోట_జంక్షన్ మీరు తెచ్చిన పేరే మీకు జవాబు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చేతపట్టిన వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? 1919లో విజయనగరం సంగీత కళాశాల పెడితే, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పడమటి వాద్యం మన కచేరీకి పెట్టని కోట అయిపోయింది. ముత్తుస్వామి దీక్షితులు పడమటి బాణీలు విని నొట్టుస్వరాలు కట్టారు. త్యాగరాజు పుట్టింది 1767, బీథోవెన్ 1770. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే భూమ్మీద రాసుకుంటున్నారు. వాళ్లకి లేని గొడవ మనకెందుకు?

కోట_జంక్షన్
సరే, నొట్టుస్వరాల మాటతో ఓడిపోయాను. ఇంతకీ ఈ ఎలీజ్ ఎవరు?

లెక్కల_మాస్టారు
అది ఎవరికీ తేలలేదు. పాట 1810 నాటిదంటారు. బీథోవెన్ బతికుండగా అచ్చు కాలేదు. ఆయన 1827లో పోయారు. లుడ్విగ్ నోల్ అనే ఆయన చేతిరాత ప్రతి చూసి 1867లో అచ్చు వేయించాడు. ఆ ప్రతి తర్వాత కనబడకుండా పోయింది. బీథోవెన్ రాసింది 'తెరేజ్' అయ్యుండవచ్చు, నోల్ 'ఎలీజ్' అని చదివి ఉంటాడు అని ఒక వాదన. అప్పట్లో తెరేజ్ మల్ఫత్తి అనే అమ్మాయిని ఆయన ఇష్టపడ్డాడు. కాదు, ఎలిజబెత్ రోకెల్ అని ఇంకో వాదన.

పలాస_జీడి
అంటే 150 ఏళ్ల పైగా ప్రపంచమంతా వేరే అమ్మాయి పేరుతో పాట వాయిస్తోందేమో. పెళ్లికార్డులో పేరు తప్పు అచ్చయితే మా వాళ్లు ఎంత గొడవ చేశారో!

సాలూరు_లారీ
తైవాన్‌లో చెత్త బండి వచ్చిందంటే ఈ పాటే మోగుతుందట. జనం సంచులు పట్టుకుని రోడ్డు మీదకి వస్తారు. గిరి గారు జాగ్రత్తగా కిటికీలు మూసుకుని వాయించాలి.

గంటస్తంభం_గిరి
😂 మా మేడ కింద ఆవిడ నిజంగానే చెత్తబుట్ట బయట పెట్టేస్తుంది రేపట్నుంచి.

61 కీల సంగతి ఎవరూ చెప్పలేదు. పూర్తిగా వస్తుందా రాదా? నెట్‌లో చూస్తే ఒకరు పూర్తి పియానోలా 88 కీలు లేనిదే పియానో ముట్టుకోవద్దంటారు, ఇంకొకరు ఏదైనా పర్లేదంటారు.

మూడోవేలు
వస్తుంది, కొసల దగ్గర తప్ప. సీ భాగం చివర్లో ఏ మైనర్ స్వరాలు మూడు మెట్లుగా పైకి పరిగెత్తుతాయి. మూడో మెట్టు పైన ఈ, డీ ఉంటాయి, మీ కీబోర్డు వాటికి ముందున్న సీ దగ్గరే అయిపోతుంది. కింద వైపు ఒకటి రెండు చోట్ల అడుగు ఏ దొరకదు, దాని బదులు పై స్థాయి ఏ నొక్కండి, ఎవరికీ పట్టదు. పైన మాత్రం మూడో మెట్టు ఎక్కకుండా రెండో మెట్టునే ఇంకోసారి వాయించి దిగిపోవచ్చు. మొత్తం పాటలో అయిదారు స్వరాల తేడా. దీని కోసం ఇప్పుడే 88 కొనక్కర్లేదు.

అసలు తేడా కీల సంఖ్యలో లేదు, బరువులో ఉంది. మామూలు కీబోర్డు మీటలకి స్ప్రింగు ఉంటుంది, పియానో మీటకి సుత్తి బరువు ఉంటుంది. ఈ పాట మొదట్లో పీపీ అని రాసి ఉంటుంది, అంటే చాలా మెత్తగా. మీ కీబోర్డులో టచ్ రెస్పాన్స్ ఉందా? మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. ఉంటే మెనూలో ఆన్ చేసి ఉందో లేదో చూడండి. చాలామంది అది ఆఫ్‌లో పెట్టుకుని ఏళ్లు గడిపేస్తారు.

గంటస్తంభం_గిరి
ఇప్పుడే చూశాను. ఆఫ్‌లో ఉంది. పద్నాలుగు నెలలు. ఇంకేం మాట్లాడను.

చర్చి_కార్డ్స్
నాది ఆరేళ్లు ఆఫ్‌లో ఉంది తమ్ముడూ. ఊరుకో.

పలాస_జీడి
61 కీల మీద ఒక మంచి మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపానొచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. జీడి తోటలు నేలమట్టం, ఫోన్ చార్జింగ్ లేదు. నా పాత కీబోర్డులో ఆరు పెద్ద బ్యాటరీలు వేస్తే నడుస్తుంది. సాయంత్రాలు వీధిలో పిల్లలంతా మా అరుగు మీదే. నాకు వచ్చింది రెండు సినిమా పాటలు, ఒక భజన, ఇదిగో ఈ ఎలీజ్ మొదటి ముక్క. 88 కీలది ఉంటే మోయను కూడా మోయలేకపోదును.

నాగావళి_గట్టు
కదిలించే ముచ్చట. అయినా నా మాట మీదే ఉన్నాను. ఒకే పాట మీద అయిదు నెలలు పోతే చెయ్యి ఒక్క రకంగానే అలవాటు పడుతుంది. ఎలీజ్ వదలకపోతే పోనీ, పక్కన ఇంకో చిన్నది పెట్టుకోండి. బాఖ్ సీ మేజర్ ప్రెల్యూడ్ ఉంది, 1722 నాటి సంపుటంలో మొదటిది. మొదటి నుంచి చివరి దాకా ఒకే నడక, మెల్లగా వాయించినా అందంగానే ఉంటుంది.

మూడోవేలు
దీనికి ఒప్పుకుంటాను. రోజులో ఇరవై నిమిషాలు ఎలీజ్, పది నిమిషాలు వేరేది. అలసిన చెయ్యి నేర్చుకోదు.

గంటస్తంభం_గిరి
నొటేషన్ గురించి కూడా ఒక మాట చెప్పండి. నేనూ చర్చి_కార్డ్స్ అన్నలా రంగు బిళ్లల వీడియోలే. నొటేషన్ చూస్తే చీమలు బారులు తీరినట్టు ఉంటుంది.

చర్చి_కార్డ్స్
వీడియోతో పని జరిగిపోతుంది. చెవి ఉంటే చాలు.

మూడోవేలు
చెవి మీకు ఉంది, పదకొండేళ్ల చెవి. గిరి గారిది ఇంకా పద్నాలుగు నెలల చెవి. వీడియో ఏ మీట నొక్కాలో చెప్తుంది, ఏ వేలితో నొక్కాలో చెప్పదు. ఎలీజ్ మొదటి లైనుకి నేను చెప్పే వేళ్లు: 5 4 5 4 5, 2 4 3, 1. బొటనవేలు 1, చిటికెన వేలు 5. ఎడమ చేతికి ఏ–ఈ–ఏ వచ్చినప్పుడు 5 2 1. గిరి గారూ, మీరు ఏ వేళ్లతో వాయిస్తున్నారు?

గంటస్తంభం_గిరి
4 3 4 3 4. ఎడమ చేతికి ఏ వేలు దొరికితే ఆ వేలు.

నాగావళి_గట్టు
4 3 తప్పు కాదు. నాకు అదే బాగుంటుంది, చిటికెన వేలు బలం చాలదు.

మూడోవేలు
తప్పనలేదు, రోజుకొక రకం వాయించడం తప్పంటున్నాను. ఏదో ఒకటి పెన్సిల్‌తో కాగితం మీద రాసుకుని మార్చకండి. నొటేషన్ ఐ.ఎం.ఎస్.ఎల్.పి. సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింటు తీయించుకోండి. బీ భాగం పదిహేను బార్లు చదవడానికి మొత్తం శాస్త్రం రావక్కర్లేదు. రోజుకి రెండు బార్లు, చీమల పేర్లు కింద రాసుకుంటూ వెళ్లండి.

గంటస్తంభం_గిరి
ఇంకో ఇబ్బంది. మొదటి భాగంలోనే, మళ్లీ పల్లవికి తిరిగొచ్చే ముందు ఈ ఒకటే వస్తూ ఉంటుంది. కింద ఈ, పైన ఈ, ఇంకా పైన ఈ, తర్వాత డీ షార్ప్–ఈ, డీ షార్ప్–ఈ. అక్కడ ఏ ఈ మీద ఉన్నానో తెలియదు. ఒకసారి ఎక్కువ వాయిస్తాను, ఒకసారి తక్కువ.

పలాస_జీడి
ఏ ఈ? ఈ ఈయా, ఆ ఈయా? ఏ పక్కన ఉన్న ఈయా, ఈ పక్కన ఉన్న ఏయా?

సాలూరు_లారీ
ఇది పియానో కాదు, అక్షరాభ్యాసం.

లెక్కల_మాస్టారు
నవ్వులాటకి అన్నా, జబ్బు అదే. ఈలు లెక్కపెడితే తప్పుతాయి. తాళం లెక్కపెట్టాలి. పాట మూడు బై ఎనిమిది. ఒకటి–రెండు–మూడు అని పైకి అంటూ వాయించండి, ఏ బార్‌లో ఎన్ని పడుతున్నాయో కాగితం మీద గీత గీసుకోండి. నేను తకిట, తకిట అనుకుంటాను. నాకు ఈ ఒక్క చోటికే మూడు వారాలు పట్టింది.

వీణ_బొబ్బిలి
తకిట అంటూ బీథోవెన్ వాయించే మాస్టారు మా ఊళ్లోనే ఉన్నారా! ఏ వీధి అని అడగను గానీ, కిటికీలోంచి వింటే గుర్తుపడతాను.

గంటస్తంభం_గిరి
ఆరు వారాలైంది. మూడోవేలు గారు చెప్పినట్టే మొదటి భాగం ముట్టుకోలేదు. బావగారు వచ్చిన రోజు కూడా. "ఏమిటి బావా, కీబోర్డు అమ్మేశావా" అన్నాడు. పళ్లు బిగబట్టాను.

ఎడమ చెయ్యి కార్డ్స్‌లా నొక్కడం రెండు రోజుల్లో వచ్చింది. విడదీయడానికి వారం. ఆ జీ పరుగు మాత్రం ఏడిపించింది. మెట్లు విడిగా వస్తున్నాయి, జీ కలపగానే వేళ్లు ముడిపడుతున్నాయి. నాలుగో వారంలో ఒక రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, టీవీలో క్రికెట్ మ్యాచ్ మ్యూట్‌లో నడుస్తుంటే, కీబోర్డు వైపు చూడకుండా వాయిస్తుంటే వచ్చేసింది. ఎలా వచ్చిందో తెలియదు. మర్నాడు పోయింది. మూడో రోజు మళ్లీ వచ్చింది, అప్పట్నుంచి ఉంది. వేగం చాలా తక్కువ.

నిన్న మొదటిసారి ఏ నుంచి బీలోకి ఆగకుండా వెళ్లాను. ఇయర్‌ఫోన్స్ తీసేసి వాయించాను. వంటింట్లోంచి మా ఆవిడ "గేటు తీశారా?" అంది.

చర్చి_కార్డ్స్
👏👏 పార్టీ ఎక్కడ?

మూడోవేలు
"మర్నాడు పోయింది" అన్నారు చూడండి, అది మామూలే. మధ్యలో వదిలేసి పడుకున్నా చెయ్యి లోపల పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఒక జాగ్రత్త: బీ అయ్యాక తిరిగి ఏలోకి వచ్చేటప్పుడు పరిగెత్తకండి. తెలిసిన ఇల్లు కనబడగానే వేగం పెంచేస్తాం. బీ ఏ వేగంలో వస్తోందో ఏ కూడా అదే వేగంలో వాయించండి.

గంటస్తంభం_గిరి
అయ్యో, అదే చేస్తున్నాను. బీ నడక, ఏ లారీ.

సాలూరు_లారీ
లారీని లాగొద్దు.

నాగావళి_గట్టు
వదిలేయమన్నది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను. మినుయెట్ నేర్చుకున్నారా మరి?

గంటస్తంభం_గిరి
సగం. మా పాప వచ్చి "నాన్నా, ఇది ఈజీగా ఉంది, నేను వాయిస్తా" అని లాక్కుంది. ఇప్పుడు నాకు కీబోర్డు దొరికేది రాత్రి తొమ్మిది తర్వాతే.

లెక్కల_మాస్టారు
దీన్నే లాభం అంటారు.

వీణ_బొబ్బిలి
సీ భాగం గురించి ఎవరైనా చెప్పండి, నాకూ కావాలి. ఎడమ చేతికి ఒకే ఏ తెగ మోగుతూ ఉంటుంది కదా, తంబురాలా.

మూడోవేలు
తంబురా పోలిక బాగుంది, కానీ తంబురా నొప్పి పెట్టదు, ఇది పెడుతుంది. ఆ ఏ ఒకే వేలితో కొట్టకండి. 3 2 1, 3 2 1 అని వేళ్లు మార్చవచ్చు, లేదా ఒకే వేలైతే మణికట్టు వదులుగా ఉండాలి. ముంజేతిలో మంట మొదలైతే వెంటనే ఆపాలి. పట్టుదలతో కొనసాగించే చోటు కాదది. పైన కుడి చేతి కార్డ్స్ బరువుగా వస్తాయి, కాబట్టి ఎడమ చెయ్యి వినబడీ వినబడనట్టు ఉండాలి.

ఆ తర్వాత పైకి పరుగు, మీకు ముందే చెప్పాను. దిగేటప్పుడు మాత్రం నల్ల మీటలు తెల్ల మీటలు అన్నీ వరసగా వస్తాయి. నల్ల మీటకి మూడో వేలు, తెల్ల మీటకి బొటనవేలు. రెండు తెల్ల మీటలు పక్కపక్కన వస్తే 2 1. నా పేరు ఎందుకు మూడోవేలో ఇప్పుడు తెలిసింది కదా.

పెడల్ (స్వరం సాగేలా కాలితో నొక్కేది) ఉంటే మొదటి భాగంలో (ఏలో) ఎడమ చెయ్యి మొదలుపెట్టినప్పుడు నొక్కి, మళ్లీ ఈ–డీ షార్ప్ వచ్చేసరికి వదిలేయండి. నొక్కి ఉంచేస్తే కీరవాణి, సింహేంద్రమధ్యమం రెండూ కలిసి గోదాట్లో కలుస్తాయి.

వీణ_బొబ్బిలి
చూశారా, మీరే కీరవాణి అన్నారు!

మూడోవేలు
అలవాటైపోయింది మీవల్ల.

గంటస్తంభం_గిరి
నాకు పెడల్ లేదు. ఒకటి కొనాలి. సీ మొదలుపెట్టాను, నాలుగు బార్లు అయ్యాయి. ఈసారి మొదటి నుంచి కాకుండా చివరి నాలుగు బార్ల నుంచి వెనక్కి వస్తున్నాను. పండగకి బావగారు మళ్లీ వస్తానన్నారు.

ఏడురోడ్ల_కొత్తవాడు
థ్రెడ్ మొత్తం చదివాను. నాది శ్రీకాకుళం, కీబోర్డు కొని నాలుగు నెలలు. 'మూన్‌లైట్ సొనాటా' మెల్లగానే ఉంది కదా, 61 కీల మీద నెల రోజుల్లో వస్తుందా?

నాగావళి_గట్టు
ఇదిగో, మళ్లీ.

పలాస_జీడి
తమ్ముడూ, వేరే థ్రెడ్ తెరువు. మాస్టార్ని లెక్క కట్టమందాం.